వెన్నుపాములో ‘గేటు’ కనిపెట్టారు.. కానీ అక్కడే ఆగిపోలేదు! నొప్పి గుట్టు వెతికిన డాక్టర్ ప్యాట్రిక్ వాల్ కథ ఇదీ

కాలి వేలు గడపకు కొట్టుకుంటే ఏం చేస్తాం? ముందు అబ్బా అంటాం. ఆ వెంటనే వంగి, వేలిని గట్టిగా పట్టుకుని రుద్దేస్తాం. చిన్నపిల్లాడు కింద పడితే అమ్మ చేసేదీ అదే. దెబ్బ తగిలిన చోట రుద్దుతుంది, ఉఫ్ అని ఊదుతుంది. ఏడుపు ఆగిపోతుంది. ఇది ఒకరు నేర్పాల్సిన పని కాదు. కానీ రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

వినడానికి చిన్న ప్రశ్నే. దీనికి ప్రపంచమంతా మాట్లాడుకున్న జవాబు మాత్రం 1965లో వచ్చింది. ఆ జవాబు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు ప్యాట్రిక్ డేవిడ్ వాల్. మన ఊళ్లలో ఫిజియోథెరపీ సెంటర్‌కు వెళ్లి నడుముకో, మోకాలికో కరెంట్ పెట్టించుకునే వాళ్లలో చాలామందికి ఈ పేరు తెలీదు. చర్మానికి అతికించే ఆ ప్యాడ్‌ల వెనక ఉన్నది ఆయన ఆలోచనే. పెద్ద ఆసుపత్రుల్లో వెన్నుపాము పక్కన సన్నటి వైర్లు పెట్టి, చర్మం కింద బ్యాటరీ అమర్చే ఆపరేషన్ ఉంది కదా.. దాని మూలం కూడా అక్కడే ఉంది.

అయితే ఈ కథలో అసలు ట్విస్ట్ వేరే. కరెంట్ పెట్టేది వెన్నుకు. మార్పు కనిపిస్తున్నది మాత్రం మెదడులో!

ఇంతకీ ఎవరీయన?

వాల్ 1925 ఏప్రిల్ 25న ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో మెడిసిన్ చదివారు. డాక్టర్ పట్టా చేతికి రాకముందే మెదడులోని నరాల దారుల మీద పరిశోధన మొదలుపెట్టారు. చదువు అయ్యాక అమెరికా విమానం ఎక్కేశారు. యేల్, షికాగో, హార్వర్డ్.. చివరికి ఎంఐటీ. రాజకీయాల్లో ఆయనది లెఫ్ట్ లైన్. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని చూడకుండా ముఖం మీదే వాదించే రకం. ఖాళీ దొరికితే ఓ థ్రిల్లర్ నవల కూడా రాసి పడేశారు.

ఆ రోజుల్లో నొప్పి గురించి డాక్టర్లు నమ్మింది ఒక్కటే. అది 17వ శతాబ్దపు ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ కాలం నాటి లెక్క. గుడిలో తాడు లాగితే పైన గంట మోగినట్టు, కాలికి నిప్పు తగిలితే నరం అనే తాడు లాగుతుంది, మెదడులో గంట మోగుతుంది. అంతే. దెబ్బ ఎంతో నొప్పి అంత. దెబ్బ లేకపోతే నొప్పీ లేదు.

ఈ లెక్క వల్ల నష్టపోయింది ఎవరంటే రోగులే. గాయం మానిపోయినా నొప్పి పోని వాళ్లు, స్కాన్‌లో ఏమీ కనిపించని వాళ్లు, తీసేసిన కాలు ఇంకా మండుతోందని చెప్పేవాళ్లు.. వీళ్లంతా నాటకం ఆడుతున్నారని అయినా అనాలి, పిచ్చి అని అయినా అనాలి. ఇంకో దారి ఆ లెక్కలో లేదు. కొందరికైతే నొప్పి దారిని మూసేద్దామని సర్జన్లు నరాలనే కోసేసేవారు. కొన్నాళ్లు హాయి. తర్వాత చాలామందికి నొప్పి తిరిగొచ్చేది, ఒక్కోసారి ముందుకంటే ఎక్కువగా. తాడు తెగినా గంట మోగుతూనే ఉందన్నమాట!

ఎంఐటీలో వాల్‌కు 1959లో ఓ జోడీ దొరికారు. కెనడాకు చెందిన సైకాలజిస్ట్ రొనాల్డ్ మెల్జాక్. వాల్ నరాల్లో కరెంట్‌ను కొలిచే మనిషి. మెల్జాక్ మనసును, జ్ఞాపకాన్ని చదివే మనిషి. ఇద్దరికీ గంట-తాడు లెక్క నచ్చలేదు. 1962లో కలిసి ఓ పేపర్ రాశారు. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మూడేళ్ల తర్వాత, 1965 నవంబర్‌లో, సైన్స్ పత్రికలో ఇంకోటి వేశారు. అంతే, దుమారం రేగింది.

గేటు అంటే ఏంటి?

వాళ్లు చెప్పింది సింపుల్‌గా ఇదీ. చర్మం నుంచి వెన్నుపాముకు రెండు రకాల నరాల పోగులు వస్తాయి. లావువి తాకిడిని, ఒత్తిడిని మోస్తాయి. వాటిలో సిగ్నల్ వేగంగా పోతుంది. సన్నవి నొప్పి కబురు తెస్తాయి. రెండూ వెన్నుపాములోకి వచ్చే చోట ఒక గేటు లాంటి ఏర్పాటు ఉంది. లావు పోగులు హడావిడి చేస్తే గేటు మూసుకుంటుంది, సన్న పోగుల కబురు పైకి వెళ్లడం తగ్గుతుంది. మనం వేలు రుద్దినప్పుడు జరిగేది అదే.

ఇక్కడ చాలామంది మర్చిపోయే ముక్క ఒకటుంది. 1965 నాటి ఆ పేపర్‌లోని బొమ్మలో ఇంకో బాణం గుర్తు కూడా ఉంది. అది మెదడు నుంచి కిందికి దిగి గేటు దగ్గరకు వస్తుంది. అంటే గేటు తాళంచెవి ఒకటి పైన కూడా ఉందని వాల్, మెల్జాక్ మొదటి రోజే గీశారు. మనిషి దృష్టి, భయం, పాత అనుభవం.. ఇవన్నీ గేటును తెరవొచ్చు, మూయొచ్చు. కానీ ఆ తర్వాత పాఠ్యపుస్తకాల్లోకి, క్లాసుల్లోకి ఎక్కువగా ఎక్కింది గేటు మాత్రమే. పై బాణం పక్కకు జరిగిపోయింది.

వాల్ మాటలతో సరిపెట్టే రకం కాదు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ న్యూరోసర్జన్ విలియం స్వీట్‌తో కలిసి ప్రయోగానికి దిగారు. ముందు ఎవరి మీద చేశారో తెలుసా? వాళ్ల మీదే. కంటి కింద బుగ్గలోకి వెళ్లే నరం దగ్గర సూదులు గుచ్చుకుని, కొద్దిగా కరెంట్ పంపి చూసుకున్నారు. ఆ తర్వాతే రోగుల దగ్గరకు వెళ్లారు. తీవ్రమైన నొప్పితో ఉన్న 8 మందికి సెకనుకు 100 సార్లు చొప్పున, జివ్వుమనే దాకా చిన్న కరెంట్ ఇచ్చారు. కరెంట్ నడుస్తున్నంతసేపు, ముట్టుకుంటేనే కేకలు పెట్టించే చోట నొక్కినా నొప్పి రాలేదు. నలుగురికైతే 2 నిమిషాల కరెంట్‌తో అరగంటకు పైగా ఉపశమనం దొరికింది. ఈ ఫలితం 1967లో అచ్చయింది. చర్మం మీద ప్యాడ్‌లు పెట్టే టెన్స్ మెషీన్ల దారి అక్కడ మొదలైంది.

అదే 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో నార్మన్ షీలీ అనే సర్జన్ ఒక అడుగు ముందుకేశారు. లావు పోగులన్నీ వెన్నుపాము వెనక భాగంలో కట్టగా పైకి వెళ్తాయి కదా, అక్కడే కరెంట్ ఇస్తే? ఊపిరితిత్తుల క్యాన్సర్ నొప్పితో అల్లాడుతున్న ఓ వృద్ధుడి వెన్నులో ఎలక్ట్రోడ్ పెట్టారు. నొప్పి తగ్గింది. స్పైనల్ కార్డ్ స్టిమ్యులేషన్ అనే వైద్యం పుట్టింది అలాగే. ఓ సిద్ధాంతం కాగితం మీదకు వచ్చిన రెండేళ్లలోపే మనిషి ఒంట్లోకి వెళ్లడం అంటే మామూలు స్పీడ్ కాదు. ఆ స్పీడే తర్వాత తలనొప్పి కూడా అయింది. తొలి పరికరాల్లో వైర్లు తెగిపోయేవి, ఉన్న చోటు నుంచి జరిగిపోయేవి. ఎవరికి పనిచేస్తుందో తేల్చకుండానే చాలామందికి పెట్టేశారు. కొంతకాలానికి మోజు తగ్గింది.

సిద్ధాంతానికీ దెబ్బలు తగిలాయి. వెన్నులో కరెంట్ పెట్టుకున్న మనిషికి ఏళ్ల నాటి నరాల మంట తగ్గుతోంది. కానీ అదే మనిషిని సూదితో గుచ్చితే మామూలుగానే అబ్బా అంటున్నాడు! గేటు నిజంగా మూసుకుంటే రెండు నొప్పులూ ఆగాలి కదా? ఈ చిక్కుముడి ఈ రోజుకీ పూర్తిగా వీడలేదు. 1976లో లండన్ న్యూరాలజిస్ట్ పీటర్ నేథన్ గేటు సిద్ధాంతం లోపాలన్నీ ఏకరువు పెడుతూ పెద్ద వ్యాసం రాశారు. వాల్ ఏం చేశారు? అలిగి కూర్చోలేదు. రెండేళ్ల తర్వాత, 1978లో, అదే పత్రికలో తన సిద్ధాంతాన్ని తానే మళ్లీ విప్పి చూశారు. ఏది నిలబడుతుందో, ఏది నిలబడదో చెప్పారు. పేరు తెచ్చిపెట్టిన సిద్ధాంతానికి ఇలా తానే రిపేర్ చేసుకునే సైంటిస్టులు ఎంతమంది ఉంటారు?

యుద్ధంలో చూసింది మార్చేసింది

వాల్ 1967లోనే లండన్ తిరిగొచ్చేశారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ల్యాబ్ పెట్టారు. 1970ల్లో జెరూసలేంలోనూ పనిచేశారు. 1973 యుద్ధంలో కాళ్లు చేతులు కోల్పోయిన ఇజ్రాయెల్ సైనికులను తోటి పరిశోధకులతో కలిసి పరిశీలించారు. అక్కడ ఆయనకు కనిపించింది మామూలు విషయం కాదు. కాలు పోయిన క్షణంలో చాలామందికి నొప్పే తెలియలేదు. దెబ్బ తగిలినట్టు, తోసినట్టు అనిపించిందంతే. నొప్పి తర్వాత వచ్చింది. కొందరికి ఆ లేని కాలిలోనే వచ్చింది.

ఇంత పెద్ద గాయం ఉండి నొప్పి లేదు. మరోచోట గాయమే లేదు, నొప్పి భరించలేనంత ఉంది. వెన్నుపాములో ఒక్క గేటుతో ఇది తేలే లెక్క కాదని వాల్‌కు గట్టిగా అనిపించింది. 1979లో ఆయన కొత్త మాట చెప్పారు. నొప్పిని చూపు, వినికిడి లాంటి జ్ఞానంతో కాదు, ఆకలి దప్పులతో పోల్చాలన్నారు. ఆకలి వేస్తే తినాలి, దాహం వేస్తే తాగాలి. నొప్పి వేస్తే? ముందు తప్పించుకోవాలి, తర్వాత కదలకుండా పడుకుని మానేలా చూసుకోవాలి. యుద్ధంలో సైనికుడికి ఆ క్షణంలో కావాల్సింది ప్రాణం దక్కించుకోవడం. అందుకే మెదడు నొప్పిని పక్కన పెట్టింది. ఆసుపత్రి మంచం ఎక్కాక దానికి టైమ్ దొరికింది.

ఈ మధ్యలో ఆయన నొప్పి అనే సబ్జెక్టుకే ఓ ఇల్లు కట్టారు. 1975లో పెయిన్ పేరుతో పరిశోధన పత్రిక మొదలైతే దానికి తొలి ఎడిటర్ ఆయనే. 1984లో మెల్జాక్‌తో కలిసి తెచ్చిన టెక్స్ట్‌బుక్ ఆఫ్ పెయిన్ పెయిన్ డాక్టర్లకు పెద్ద బాలశిక్ష అయింది. ఆయన ల్యాబ్‌లోనే పనిచేసిన క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో ఇంకో సంగతి బయటపెట్టారు. నొప్పి ఎక్కువసేపు కొనసాగితే వెన్నుపాము నరకణాలే సున్నితంగా మారిపోతాయని, మామూలు తాకిడికి కూడా అతిగా స్పందిస్తాయని తేలింది. అంటే రిపోర్టులన్నీ నార్మల్‌గా ఉన్నా నొప్పి నిజం కావచ్చు. ఎన్నో ఇళ్లలో ఇంకా నమ్మని మాట ఇది.

1989లో రాయల్ సొసైటీ ఆయన్ను ఫెలోగా ఎన్నుకుంది. 1990లో రిటైరయ్యాక కూడా లండన్‌లోని సెయింట్ థామస్ హాస్పిటల్‌లో పని కొనసాగించారు. అప్పటికి మెదడులో రక్త ప్రవాహాన్ని చూపించే పెట్ స్కాన్లు వచ్చేశాయి. నొప్పి పెట్టి స్కాన్ తీస్తే మెదడులో నొప్పి కేంద్రం ఎక్కడుందో దొరికిపోతుందని చాలామంది ఆశపడ్డారు. అలాంటి కేంద్రం ఒక్కటి కూడా దొరకలేదు. ఒకేసారి ఎన్నో చోట్ల వెలుగులు. వాల్‌కు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఏంటంటే, ఆ వెలిగిన చోట్లలో కదలికను ప్లాన్ చేసే భాగాలు కూడా ఉన్నాయి. మనిషి కదలకుండా స్కానర్‌లో పడుకుని ఉన్నా సరే! నొప్పి అంటే ఏదో ఒకటి చేయాలనే తొందర అని ఆయన 20 ఏళ్ల ముందు చెప్పిన దానికి ఇది దగ్గరగా ఉంది. 1999లో వచ్చిన ఆయన చివరి పుస్తకంలో, మామూలు జనం కోసం రాసిన దాంట్లో, ఈ వాదనే నడుస్తుంది.

2001 ఆగస్టు 8న ప్రొస్టేట్ క్యాన్సర్‌తో వాల్ కన్నుమూశారు. వయసు 76.

ఆయన పోయాక స్కాన్లలో ఏం బయటపడింది?

వెన్నులో కరెంట్ పెడితే మెదడులో ఏమవుతుందో చూడటం అంత తేలిక కాదు. పాత పరికరాలు ఒంట్లో ఉంటే ఎంఆర్ఐ మెషీన్‌లోకి పంపడమే ప్రమాదం. అందుకే మొదట్లో పెట్ స్కాన్ల మీదే ఆధారపడ్డారు. 2010లో జపాన్ పరిశోధకులు కాళ్లలో నరాల నొప్పి ఉన్నవాళ్లను కరెంట్ ఇవ్వకముందు, ఇచ్చాక స్కాన్ చేశారు. థాలమస్‌లో రక్త ప్రవాహం పెరిగింది. ఒంటి నుంచి వచ్చే కబుర్లన్నీ దాదాపుగా ఈ జంక్షన్ మీదుగానే మెదడు పైభాగానికి పోతాయి. దాంతో పాటు నుదుటి వెనక భాగంలో, యాంటీరియర్ సింగ్యులేట్ అనే చోట కూడా మార్పు కనిపించింది.

ఈ చివరి పేరు కాస్త గుర్తుపెట్టుకోవాలి. నొప్పి ఎక్కడ, ఎంత అనే లెక్క చూసేది మెదడులో ఒక వర్గం. ఆ నొప్పి ఎంత బాధిస్తోంది, ఎంత భయపెడుతోంది అనేది చూసే వాటిలో ఈ సింగ్యులేట్ ఒకటి. వెన్నులో స్టిమ్యులేటర్ పెట్టుకున్న కొందరు నొప్పి పూర్తిగా పోలేదు, కానీ మునుపట్లా పీడించడం లేదని చెబుతుంటారు. ఆ మాటకు అర్థం ఇక్కడ దొరుకుతుందేమోనని సైంటిస్టులు వెతుకుతున్నారు. అమెరికాలో 2013లో వచ్చిన మరో పరిశోధన కూడా దీనికి దగ్గరగానే ఉంది. నడుము నొప్పి కొత్తగా వచ్చినప్పుడు మెదడులో నొప్పి సర్క్యూట్లు పనిచేస్తున్నాయి. నెలలు గడిచి అది పాతబడే కొద్దీ బరువు భావోద్వేగాల సర్క్యూట్ల వైపు మారిపోతోంది. నొప్పి అదే. మెదడులో దాని అడ్రస్ మారింది.

ఇంకోవైపు స్వీడన్‌లో బ్యోర్న్ లిండెరోత్ లాంటి వాళ్లు ఎలుకల మీద చేసిన పనిలో గేటు మాట పూర్తిగా తప్పు కాదని తేలింది. కరెంట్ ఇచ్చినప్పుడు వెన్నుపాములో నరాలను శాంతింపజేసే గాబా అనే రసాయనం ఎక్కువగా విడుదలవుతోంది. అదే కరెంట్ మెదడు కాండం దాకా వెళ్లి, అక్కడి నుంచి నొప్పిని అణిచే సంకేతాలు తిరిగి కిందికి దిగేలా చేస్తోంది. వాల్, మెల్జాక్ గీసిన ఆ మర్చిపోయిన బాణం ఇదే!

2015లో మరో షాక్. సెకనుకు 10 వేల సార్లు కరెంట్ ఇచ్చే పరికరాన్ని పాత రకంతో పోల్చారు. కొత్తదాంట్లో రోగికి జివ్వుమనే స్పర్శే ఉండదు. గేటు సిద్ధాంతం ప్రకారం ఆ జివ్వుమనడమే కీలకం. అది లేకుండా నొప్పి తగ్గకూడదు. అయినా కొత్త పరికరంతోనే ఎక్కువమందికి మేలు జరిగిందని ఆ ట్రయల్ చెప్పింది.

సంబరపడే లోపే నార్వే నుంచి చేదు కబురు వచ్చింది. కరెంట్‌ను గుంపులు గుంపులుగా పంపే బర్స్ట్ అనే పద్ధతి ఒకటుంది. ఇది సింగ్యులేట్‌లోని తరంగాలను మారుస్తోందని అంతకుముందు ఈఈజీ పరీక్షల్లో కనిపించింది. నడుము ఆపరేషన్ తర్వాత కూడా కాలి నొప్పి పోని 50 మందిని నార్వే డాక్టర్లు తీసుకున్నారు. అందరికీ పరికరం అమర్చారు. మూడేసి నెలల చొప్పున కొన్నిసార్లు ఆన్ చేశారు, కొన్నిసార్లు ఆఫ్‌లో ఉంచారు. స్పర్శ తెలియదు కాబట్టి ఎప్పుడు ఏది ఉందో రోగికి తెలీదు. 2022లో ఫలితం వచ్చింది. ఆన్‌లో ఉన్నప్పుడు రోగులు ముందుకంటే కాస్త మెరుగయ్యారు. ఆఫ్‌లో ఉన్నప్పుడూ దాదాపు అంతే మెరుగయ్యారు! ఆ పరికరంలో కరెంట్ సెట్టింగ్ సరిగా లేదని కొందరు నిపుణులు అభ్యంతరం చెప్పారు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నడుము నొప్పికి ఈ వైద్యం దీర్ఘకాలంలో పెద్దగా పనిచేయకపోవచ్చని 2023లో కాక్రేన్ సంస్థ సమీక్ష కూడా తేల్చింది. లక్షల్లో ఖర్చయ్యే ఆపరేషన్ కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మరి ఆఫ్‌లో ఉన్న బ్యాటరీ నొప్పిని ఎలా తగ్గించింది? ఇక్కడ మళ్లీ వాల్ దగ్గరకే రావాలి. ఉత్తుత్తి మందు ఇచ్చినా రోగికి నయం అనిపించడాన్ని ప్లసీబో అంటారు. చాలామంది డాక్టర్లకు అదో చిరాకు వ్యవహారం, రోగి మోసపోయాడని లెక్క. వాల్ మాత్రం తన టెక్స్ట్‌బుక్‌లో దానికో అధ్యాయమే కేటాయించారు. నయమవుతుందనే నమ్మకం కుదిరితే మెదడు నొప్పిని నిజంగానే పక్కన పెట్టగలదన్నది ఆయన ఆలోచన. కాబట్టి స్కాన్‌లో మెదడు మారినంత మాత్రాన ఆ మార్పు తెచ్చింది కరెంటేనని ఒట్టేసి చెప్పలేం. ఆశ కూడా అదే మెదడులో పనిచేస్తుంది. ఈ రెండిటినీ విడదీయడమే ఇప్పుడు పరిశోధకుల ముందున్న అసలు పని.

ఈలోపు డాక్టర్లు పాటిస్తున్న పద్ధతి ఒకటుంది. బ్యాటరీని శాశ్వతంగా అమర్చే ముందు తాత్కాలిక వైర్లు పెట్టి సుమారు వారం రోజులు ఇంటికి పంపుతారు. నొప్పి కనీసం సగం తగ్గితేనే అసలు ఆపరేషన్ గురించి మాట్లాడతారు. వారం తర్వాత తిరిగొచ్చిన రోగిని పదికి నొప్పి ఎంత అని అడగడం మామూలే. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎంత దూరం నడిచారు అని కూడా అడుగుతున్నారు.